బిళ్ల పడిందా?

మొన్న పొద్దున బంగారుపేట నుంచి బెంగళూరు పోయే రైలులో నా ఎదురుగా ఒక అమ్మాయి కూర్చుంది. మెడలో కంపెనీ కార్డు, ఒళ్లో లాప్‌టాప్ సంచి. తను దిగాల్సిన స్టేషన్ దగ్గర పడగానే ఫోను చెవికి ఆనించి, "అవ్వా, బిళ్ల పడింది. పెట్టేస్తా" అంది.

నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. నేను కూడా అక్కడే దిగుతాననుకుని చుట్టుపక్కలవాళ్లు దారి ఇచ్చారు.

"ఏ బిళ్ల తల్లీ?" అన్నాను.

"తెలీదంకుల్. చేరినాను అని చెప్పేది. అట్లంటేనే మా అవ్వకు నెమ్మది."

"ఏ బిళ్లో, యాడ పడిందో ఎప్పుడూ అడగలేదా?"

"మా ఇంట్లో అందరూ అంటారు అంకుల్," అని నవ్వి దిగిపోయింది.

అర్థం సరిగ్గానే చెప్పింది, తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ మాట పుట్టిన కిటికీ దగ్గరే ఉద్యోగమంతా గడిపిన మనిషిని ఎదురుగా పెట్టుకుని ఏ బిళ్లో తెలీదంటే నాకెంత ఉక్రోషంగా ఉంటుంది చెప్పండి! ఇంటికొచ్చి ఆ సంగతే చెబుతుంటే మా ఆవిడ, "ఆ గొంతు తగ్గించి కూర్చుని రాయండి. రాస్తే వీధికి వినపడదు" అంది. అందుకని రాస్తున్నాను. మీలో ఎవరి నోట్లోనైనా ఈ మాట ఇంకా ఆడుతూ ఉంటే కాస్త ఆగి వినండి.

నేను పనిచేసింది కోలారు బంగారు గనుల్లో, గనులు సర్కారు చేతికి వచ్చిన తరువాత. దొరలు వెళ్లిపోయి వాళ్ల బంగళాల్లో సార్లు దిగిన కాలం. బంగారు గనిలో చేశానంటే జనం ముందు నా వేళ్ల వంక చూస్తారు, ఉంగరాలేమైనా మెరుస్తున్నాయేమోనని. నేను బంగారం తవ్వలేదు, కరిగించలేదు, చూసింది కూడా పెళ్లిళ్లలోనే. నా పని షాఫ్టు పక్కన బిళ్లల గదిలో. షాఫ్టు అంటే భూమిలోకి నిట్టనిలువుగా దిగే బావి. దాంట్లో కేజి అనే ఇనప బోను మనుషుల్ని దించుతుంది, ఎక్కిస్తుంది.

దిగే ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఒక ఇత్తడి బిళ్ల ఉండేది. మా గదిలో గోడ నిండా చెక్క పలక, పలక నిండా మేకులు, మేకుకొక బిళ్ల. మనిషి కిటికీ దగ్గరకొచ్చి నంబరు చెబితే నేను బిళ్ల తీసి ఇస్తాను. పని ముగించుకుని పైకొచ్చాక దాన్ని కిటికీ కింద ఉన్న ఇనప తట్టలో వేసి పోతాడు. నేను మళ్లీ మేకుకు తగిలిస్తాను. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. ఇంతే నా ఉద్యోగం. ఇంతేనా అనుకోకండి, షిఫ్టు దిగే వేళ ఆ తట్టలో బిళ్లలు పడుతుంటే వచ్చే ఠంగు ఠంగు చప్పుడు గేటు బయటికి వినపడేది. అక్కడ నిలబడ్డ ఆడవాళ్లు మాటలాపి వినేవాళ్లు.

అక్కడి నుంచి పుట్టింది మాట. "మీ ఆయన బిళ్ల పడిందామ్మా?" అంటే క్షేమంగా పైకొచ్చాడా అని. కొన్నాళ్లకు అది గేటు దాటి ఇళ్లలోకి వచ్చింది. మద్రాసు పోయిన అల్లుడు చేరాడని కబురొస్తే బిళ్ల పడింది. కాన్పు సుఖంగా అయి తల్లీ బిడ్డా బాగుంటే రెండు బిళ్లలూ పడినాయి. గనిలో ఎన్నడూ కాలు పెట్టని రాబర్ట్‌సన్‌పేట బట్టల షావుకారు కూడా సరుకు కొనడానికి కంచి పోయి వస్తే ఇంటికి అదే మాట చెప్పి పంపేవాడు. తమిళులు వాళ్ల యాసలో, కన్నడంవాళ్లు వాళ్ల యాసలో, మనవాళ్లు మన యాసలో అందరూ అన్నదే. అయితే ఒక పద్ధతి ఉంది. అది మనిషికి మాత్రమే. ఒకసారి రైల్లో వేసిన పెట్టె చేరిందని నేను బిళ్ల పడిందంటే మా ఆవిడ, పెట్టెకు పెండ్లాం బిడ్డలు ఉండారా అని కసురుకుంది.

దీనికి తిరగేసిన మాట ఉంది చూశారూ, "బిళ్ల పడలేదు" అని, అది మాత్రం ఆటకు కూడా ఎవరూ అనేవాళ్లు కాదు. అదొక మనిషి నోట వచ్చిందంటే ఊరు మొత్తం చేతిలో పని కింద పెట్టాలి. దానికీ కట్టుబాటు ఉంది. ఏ షాఫ్టో చెప్పాలి, ఎవరో చెప్పకూడదు. పేరు గేటు దాటకూడదు. విన్నవాడు ఎవరని అడగకూడదు, పక్కవాడికి చెప్పాలి, అంతే. ఆ షాఫ్టులో పనిచేసేవాడైతే ఎక్కడున్నా సరే, తింటున్న కంచం ముందునుంచైనా సరే, లేచి షాఫ్టు దగ్గరికి రావాలి. రాళ్లు తీయడానికి చేతులు కావాలి కదా. పేరెందుకు చెప్పకూడదో మాకెవరూ పాఠం చెప్పలేదు. కబురు సైకిలెక్కి పోతుంది, నిజం కేజిలో మెల్లగా పైకొస్తుంది. ఆలోపల ఒక ఇంట్లో గాజులు పగిలితే వాటిని ఎవరు అతికిస్తారు?

ఇక ఆ రోజు సంగతి. రాస్తుంటే ఇప్పుడు కూడా పెన్ను తొందరపడుతోంది.

మామిడికాయల కాలం. పగటి షిఫ్టు ఇంకా దిగలేదు. నేను కిటికీ దగ్గర కూర్చుని ఉండగా నా బల్ల కింద నేల ఒక్కసారి ఎగిరి పడింది. గోడ మీద బిళ్లలన్నీ గలగలమన్నాయి. కాలనీలో వంటింటి గిన్నెలు దొర్లిన చప్పుడు గదిలోకి వినపడింది. మేం దాన్ని ఏర్‌బ్లాస్టు అనేవాళ్లం. లోతున, పైనున్న కొండంత బరువుకు రాయి ఓర్చుకోలేక ఉన్నట్టుండి పగిలిపోతుంది. ఎక్కడ పగులుతుందో, ఎవరి నెత్తిన పడుతుందో ఎవరికీ తెలియదు.

కేజి పైకీ కిందికీ పరుగులు పెట్టింది. దుమ్ము కొట్టుకుపోయిన మొహాలతో మనుషులు వచ్చి తట్టలో బిళ్లలు వేస్తున్నారు. నేను తీసి తగిలిస్తున్నాను. ఠంగు, ఠంగు, ఠంగు! దెబ్బలు తగిలినవాళ్లు కొందరున్నా అందరూ నడుచుకుంటూనే వచ్చారు. చివరికి చప్పుడు ఆగింది. గోడ వైపు తిరిగి చూస్తే ఒక మేకు ఖాళీగా ఉంది.

ఆ నంబరు నంగలి దగ్గర ఊరి అతనిది. సరిహద్దు పల్లె. రాగి చేను, నాలుగు మామిడి చెట్లు, పట్టుపురుగుల పెంపకం, ఇంట్లో తల్లి, పెండ్లాం. మేమంతా నంగలాయన అనే పిలిచేవాళ్లం. కొంచెం బెరుకు మనిషి, బిళ్లను తట్టలో కూడా నెమ్మదిగా పెట్టేవాడు, దానికి దెబ్బ తగులుతుందేమో అన్నట్టు. "గట్టిగా ఎయ్యప్పా, బయట వినాల" అని నేను ఎప్పుడూ ఎకసక్కెం చేసేవాణ్ణి.

అతని ముఠా మేస్త్రి నా కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాడు. మేస్త్రి అంటే నాకు పక్కింటివాడు, స్నేహితుడు, మా గనిలో రక్షణ దళానికి నాయకుడు. లావుపాటి మీసం, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. ఖాళీ మేకు చూసేసరికి మొహం నల్లబడిపోయింది.

"వాన్ని నేనే ముందుగా పంపించేసినానప్పా," అన్నాడు. "పురుగులు పండినాయని ఊరి నుంచి మనిషి వచ్చి చెప్పిపోయినాడంట. పొద్దుట్నుంచీ పనిలో మనసు లేదు. పో నాయనా అన్నాను. అడ్డదారిలో షాఫ్టుకు పోయినాడు. ఇప్పుడు కూలింది ఆ అడ్డదారే."

పట్టుపురుగులు పెంచేవాళ్లకు చెప్పక్కరలేదు. పురుగు పండిందంటే, అంటే గూడు కట్టడానికి సిద్ధమైందంటే, ఆ పూటే ఏరి చంద్రికల మీద, అంటే గూళ్లు కట్టుకునే వెదురు తడికల మీద, వేయాలి. ఆలస్యమైతే ఆకుల్లోనే దారం వదిలేసి పంట నాశనమవుతుంది. ఇద్దరు ఆడవాళ్లతో తెమిలే పని కాదు. అందుకే అతనికి ఆ తొందర.

నేను రెండో షాఫ్టుకు ఫోను చేశాను. భూమిలోపల రెండింటికీ దారి ఉంది. మావాడు అటు ఎక్కాడేమోనని చిన్న ఆశ. అక్కడ కేజి దగ్గరి మనిషి డ్యూటీ దిగి వెళ్లిపోయాడట. బిళ్లలాయన తట్ట మొత్తం వెతికి, "మీ నంబరేదీ మా తట్టలో పడలేదప్పా" అన్నాడు. ఫోను పెట్టేశాను.

ఇంక చెప్పక తప్పదు. నేను గేటు దగ్గరకెళ్లాను. అక్కడ టీ అంగడివాడు పాలు కాస్తున్నాడు. నా మొహం చూసి గరిటె ఆపాడు.

"మా షాఫ్టులో బిళ్ల పడలేదు," అన్నాను.

అతను ఎవరని అడగలేదు. పొయ్యి మీద పాలు పొయ్యి మీదే వదిలేసి సైకిలు ఎక్కాడు.

ఆ తరువాత మాట ఎలా పోయిందో నేను తరువాత ఒక్కొక్కళ్లను అడిగి తెలుసుకున్నాను. టీ అంగడివాడు రాబర్ట్‌సన్‌పేట బజారు మొదట్లో ఒక ధాన్యం కొట్టు ముందు సైకిలు ఆపకుండానే అరిచాడట. షావుకారు తక్కెడలో సరుకు తక్కెడలోనే ఉంచి పక్క కొట్టుకు చెప్పాడు. బట్టల కొట్టు నుంచి నగల కొట్టు, అక్కడి నుంచి కూరల మార్కెట్టు. సినిమా హాల్లో మధ్యాహ్నం ఆట నడుస్తోంది. ఆపరేటరు బొమ్మ ఆపి దీపాలు వేసి, గదిలోంచి తల బయట పెట్టి షాఫ్టు పేరు చెప్పి ఆ మాట అన్నాడు. మా షాఫ్టువాళ్లు కుర్చీల్లోంచి లేచి బయటికి నడిచారు. మిగతావాళ్లు ఒక్కరు ఈల వేయలేదు. అప్పుడు తెర మీద హీరో గారు విలన్ని చితకబాదే ఘట్టం నడుస్తోందట. దాన్ని మధ్యలో ఆపితే ఈల వేయకపోవడమంటే మామూలు సంగతి కాదు!

మాట బస్టాండుకు చేరింది. బస్సులవాళ్లు తీసుకున్నారు. బంగారుపేట దారిలో ఒకడు, బేతమంగల దారిలో ఒకడు ఎదురొచ్చిన ప్రతి బండికీ తల బయటపెట్టి చెబుతూ పోయారు. మామిడి తోటలకు పోయే ఖాళీ లారీలు బస్సులకంటే వేగంగా పోతాయి కదా, అవి ఇంకా ముందుకు తీసుకుపోయాయి.

ఇక్కడ షాఫ్టు దగ్గర పని ఆగలేదు. మేస్త్రి తన దళాన్ని సిద్ధం చేస్తున్నాడు. లోపల రాయి ఇంకా చిటపటమంటోందని చివరగా పైకొచ్చినవాళ్లు చెప్పారు. రాయి సద్దుమణిగేదాకా ఆగమని మామూలు రోజుల్లో ఎవరైనా చెబుతారు. కానీ మేకు ఖాళీగా ఉంటే ఎవరాగుతారు?

అప్పుడే కొత్త సారు వచ్చాడు. మాకు పైఅధికారి, బదిలీ మీద వచ్చి ఎన్నాళ్లో కాలేదు. మంచి మనిషే, కంగారులో ఉన్నాడు.

"పేరేమిటి? మైకు కట్టించి ఊరంతా చెప్పిద్దాం. ఇంటివాళ్లకు తెలియాలి కదా!"

"పేరు గేటు దాటకూడదు సార్," అన్నాను.

"ఎవరు చెప్పారు ఆ రూలు?"

మేస్త్రి టోపీకి దీపం బిగించుకుంటూ ఇటు తిరిగాడు.

"సార్, వాళ్లమ్మ ముసలిది. గుండె ఆగిపోతాది. మేము పోయి చూసేదాకా తాళండి సార్. ఉండాడో లేడో తెలీకుండా ఏమని చెప్తారు ఆమెకు?"

సారు మీసం కొరుక్కున్నాడు. "సరే. మీరు కూలిన చోటుకు చేరి ఫోను చేసేదాకా ఆగుతాను. ఆ తరువాత జీపు వెళ్లాల్సిందే. ఇంటివాళ్లకు ఎప్పుడు తెలిసిందని రేపు నన్ను అడుగుతారు," అన్నాడు. ఆయన మాటా న్యాయమే.

మేస్త్రి కేజి ఎక్కబోతూ నా కిటికీ దగ్గర ఆగి, తన బిళ్ల తీసుకున్నాడు. వెనక దళంలో వాళ్లంతా తీసుకున్నారు. వాళ్ల మేకులన్నీ ఖాళీ అయ్యాయి. అంతకుముందు ఒకటే ఖాళీ. ఇప్పుడు గోడలో ఒక వరస మొత్తం ఖాళీ. మేస్త్రి నా మొహం చూసి, "యాలప్పా ఆ మొగం? తట్ట తుడిచి పెట్టు, వస్తాము" అన్నాడు.

కేజి దిగిపోయింది. గేటు బయట మనుషులు పోగవుతున్నారు. సినిమా నుంచి వచ్చినవాళ్లు, మంగలి కొట్లో సగం గడ్డంతో లేచి వచ్చినవాడొకడు, తలకు నూనెతో వచ్చినవాడొకడు. ఒక్కొక్కరూ కిటికీ దగ్గరకొచ్చి "నేను ఉండాను, చెప్పు" అని పక్కన నిలబడుతున్నారు. ఎవరూ పేరు అడగడం లేదు. జీపు డ్రైవరు బండిలో కూర్చుని ఉన్నాడు. నా చూపు ఒకసారి జీపు మీద, ఒకసారి ఫోను మీద.

ఫోను మోగింది. మేస్త్రి గొంతు. "చేరినాము. దారి మూసుకోని ఉండాది. పైన పెద్ద బండ వేలాడతా ఉండాది, దాని కిందనే దూరి రాళ్లు తీయాల. మొదలుపెడతాము."

"జాగ్రత్తప్పా," అన్నాను. అంతకంటే ఏమంటాను?

సారు విన్నాడు. బయటికి వెళ్లి జీపువాడికి చెయ్యి ఊపాడు. జీపు స్టార్టు అయింది. ఆ చప్పుడు వింటూ నేను ఆ మేకు వంక చూస్తూ ఉండిపోయాను. నంగలి దగ్గర ఒక ముసలామె గుమ్మం ముందు ఆ జీపు ఆగడం నా కళ్లకు కట్టింది.

సరిగ్గా జీపు గేటు దాటబోతుంటే ఎదురుగా ఒక పాలవ్యాను అడ్డంగా వచ్చి ఆగింది. హారన్లు, తిట్లు. వ్యానులో పాల క్యాన్ల మధ్య నుంచి ఒక మనిషి కిందికి దూకి, జనాన్ని తోసుకుంటూ నా కిటికీ వైపు పరిగెత్తుకొచ్చాడు. చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది. కిటికీ చువ్వలు పట్టుకుని, రొప్పుతూ, నన్ను అడిగాడు.

"అన్నా, ఎవురిదన్నా బిళ్ల?"

నంగలాయన!

నిజం చెబుతున్నాను, దయ్యాన్ని చూసినా అంత బెదిరి ఉండను. అతను మళ్లీ అడుగుతున్నాడు. "మన షాఫ్టే అన్నారు. బేతమంగల కాడ టైరు పోయి బస్సు నిలబడింటే లారీవాడు చెప్పి పోయినాడు. దిగేసినాను. బండ్లు దొరకలేదు, ఇంగ ఈ పాలబండి ఎక్కి వచ్చినాను. నన్ను దింపన్నా, నేనూ రాళ్లు తీస్తాను. ఎవురు లోపల ఉండేది?"

చువ్వల మధ్య నుంచి చెయ్యి పెట్టి అతని చొక్కా పట్టుకున్నాను. "నీ బిళ్ల యాడరా?"

"నా బిళ్లా?" అతను నడుము దగ్గర తడుముకున్నాడు. పంచె మడతలోంచి ఇత్తడి బిళ్ల బయటికొచ్చింది. దాని వంక చూశాడు. నా భుజం మీదుగా గోడ వైపు చూశాడు. అంత పెద్ద గోడలో తన మేకు ఎక్కడుందో ప్రతివాడికీ తెలుసు. నెమ్మదిగా అతని నోరు తెరుచుకుంది.

"అయ్యో దేవుడా. నాదే."

జరిగింది ఇది. అతను అడ్డదారిలో మా షాఫ్టు వైపే వచ్చాడు. ఆ వేళ మా కేజి కలప దించుతోంది, మనుషుల్ని ఎక్కించరు. పురుగులు మనసులో ఉన్నాయి కదా, లోపలి దారిన రెండో షాఫ్టుకు నడిచి అక్కడ పైకెక్కాడు. బిళ్లను అక్కడి తట్టలో వేయలేదు. మావాళ్లలో ఒక పట్టుదల, ఎవరి బిళ్ల వాళ్ల షాఫ్టు తట్టలోనే పడాలి, పరాయి తట్టలో వేస్తే మనిషికి మంచిది కాదని. మా కిటికీకి వచ్చి వేద్దామని బయల్దేరాడు. దారిలో వాళ్ల ఊరి వైపు పోయే ముళబాగలు బస్సు హారన్ కొట్టింది. తిరిగొచ్చాక వేద్దాంలే అని ఎక్కేశాడు. ఏర్‌బ్లాస్టు వచ్చేసరికి బస్సులో ఉన్నాడు. గతుకుల రోడ్డు మీద బస్సులో ఉన్నవాడికి భూకంపం వచ్చినా తెలియదు.

ఇదంతా తరువాత విన్నది. అప్పుడు నేను అరిచింది ఒక్కటే, "ఎయ్యరా తట్టలో! గట్టిగా!"

జన్మలో మొదటిసారి ఆ బెరుకు మనిషి బిళ్లను ఎత్తి విసిరాడు. ఠంగ్!

నేను ఫోను హ్యాండిలు తిప్పాను. కింద ఎత్తిన దళం మనిషి పరిగెత్తి మేస్త్రిని పిలిచాడు. ఆ కాసేపూ నేను పడ్డ అవస్థ పగవాడికి వద్దు. మేస్త్రి వచ్చి "ఏమి?" అన్నాడు.

"బిళ్ల పడింది!"

"ఏమన్నావు?"

"పడిందప్పా, బిళ్ల పడింది!"

ఎవరు వేశారు, ఎలా వచ్చాడు, ఎక్కడి నుంచి ఊడిపడ్డాడు, ఏమీ అడగలేదు. ఫోను పెట్టేసిన చప్పుడు వినపడింది. అడిగి ఉంటే నేను చెప్పడం మొదలుపెట్టేవాణ్ణి. నా సంగతి మీకు ఇప్పటికే తెలిసింది కదా, పురుగుల నుంచి పాలవ్యాను దాకా చెప్పందే ఆపేవాణ్ణి కాదు. వాళ్లు అడగకుండా పనిముట్లు అక్కడే పడేసి వెనక్కి నడిచారు. కేజిలోకి ఎక్కుతుండగా వెనక ఆ వేలాడే బండ దిగిపోయింది. నా బల్ల కింద నేల మళ్లీ ఎగిరింది. గోడ మీద బిళ్లలు గలగలమన్నాయి, ఆ ఖాళీ వరస తప్ప.

కేజి పైకొచ్చేదాకా నేను కిటికీ చువ్వలు వదల్లేదు. వచ్చారు. ఒక్కొక్కరూ వచ్చి వేశారు. ఠంగు, ఠంగు, ఠంగు. చివరగా మేస్త్రి వేశాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా, సిగ్గేమిటి?

నంగలాయన ఒక పక్కగా తల దించుకుని నిలబడి ఉన్నాడు. మేస్త్రి అతని ముందుకెళ్లి ఆగాడు. చెంప పగులుతుందని అందరం అనుకున్నాం.

"పురుగులు ఏమైనాయిరా?" అన్నాడు మేస్త్రి.

"పొద్దు మునిగేలోగా ఏరకుంటే పోతాయన్నా. అమ్మా, నా పెండ్లామూ ఇద్దరే ఉండారు."

"మరి ఈడేమి చేస్తా ఉండావు?"

"బిళ్ల పడలేదన్నారు కదన్నా," అన్నాడు అమాయకంగా.

మేస్త్రి పకపకా నవ్వాడు. ఆ నవ్వు జనమంతా పాకింది, సినిమా మధ్యలో లేచి వచ్చినవాళ్లతో సహా. కొత్త సారు జేబురుమాలుతో మొహం తుడుచుకుని జీపు వైపు చూపించాడు. "నంగలి వెళ్లడానికి పెట్రోలు పోయించి ఉంది. ఎందుకు వృథా చేయడం? ఎక్కండి."

ఎక్కాం. జీపులో పట్టినవాళ్లు జీపులో, మిగతావాళ్లు పాలవ్యానులో. నాకు పురుగులంటే ఒళ్లు జిల్లుమంటుంది, అయినా ఎక్కాను. ముళబాగలు దాటేదాకా అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎవరు ఏం చెబుతున్నారో ఎవరికీ అక్కర్లేదు. ఊరు దగ్గర పడే వేళకు నంగలాయన మాత్రం, "అన్నా, మా అమ్మకు ఈ సంగతి వద్దన్నా" అని అందరినీ ఒక్కొక్కరినీ బతిమాలుకున్నాడు.

పొద్దు ఇంకా ఉంది. గుమ్మంలో ముసలామె పురుగుల తట్ట ఒళ్లో పెట్టుకుని ఏరుతోంది. వాకిట్లో జీపు, దాని వెనక వ్యాను, దిగుతున్న ఇంతమంది మగవాళ్లు. ఆమె బెదరలేదు. ముందు కొడుకును, "ఇంత పొద్దేమిరా?" అని కేకలేసింది. తరువాత మమ్మల్ని, "బీడీలు తాగినోళ్లు లోపలికి రావద్దండప్పా, పురుగుకు ఆగదు. చేతులు కడుక్కోని రాండి" అంది. అంత పెద్ద రాళ్లెత్తే మేస్త్రి బుద్ధిగా పోయి చేతులు కడుక్కున్నాడు, పోతూ జేబులో బీడీకట్టను పెరటి గోడ మీద పెట్టాడు.

అందరం కూర్చుని ఏరడం మొదలుపెట్టాం. పండిన పురుగు లేత పసుపు రంగుకు తిరిగి, లోపల దీపం పెట్టినట్టు ఉంటుంది. దాన్ని నొక్కకుండా పట్టుకుని చంద్రిక మీద వదలాలి. డ్రిల్లులు పట్టిన ఆ చేతులు ఎంత మెత్తగా ఏరాయో చూడాలి మీరు.

ఇంటి మూలలో చిన్న మట్టి ప్రమిద వెలుగుతోంది. పగటి పూట దీపమెందుకమ్మా అని నేనే అడిగాను.

"మీ గనుల్లో ఎవురిదో బిళ్ల పడలేదంట కదప్పా," అంది ఆమె తట్టలోంచి తల ఎత్తకుండా. "మామిడి లారీ వాళ్లు చెప్పి పోయినారు. ఎవురు బిడ్డో పాపం అని దీపం పెట్టినాను. ఏమాయ? దొరికినాడా?"

నంగలాయన తల్లి ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఆమె చేతిలోంచి పండిన పురుగొకటి అందుకుని చంద్రిక మీద వదిలాడు.

"బిళ్ల పడిందిమా," అన్నాడు.

"మంచిదాయ," అంది ఆమె. "ఏ తల్లి కన్న బిడ్డో. ఆమెకు ఈ పూట కడుపు నిండా కూడు దిగుతాది."

ఆ మాట అని, మాకందరికీ రాగిముద్ద చేయమని కోడలికి చెప్పింది.